బ్యాటన్ మార్పిడి గురించి మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి అత్త ఆశీస్సులు.

వ్యాయామ ఉపాధ్యాయురాలిగా చేరిన తొలి ఏడాదే బాలికల 4×100 రిలే జట్టు బాధ్యత నీకు అప్పగించారనీ, పాఠశాలలో అందరికన్నా వేగంగా పరుగెత్తే నలుగురిని ఎంచుకుని రోజూ వంద మీటర్లు పరుగెత్తిస్తున్నావనీ రాశావు. చాలా సంతోషం. అయితే నలుగురూ తలా వంద మీటర్లు పరుగెత్తుతూ బ్యాటన్ అనే చిన్న కర్రను ఒకరి నుంచి ఒకరు అందుకునే రిలేలో గడియారం ఆ బ్యాటన్ వేగాన్నే కొలుస్తుంది కనుక, సాధనలో సగానికి పైగా సమయాన్ని బ్యాటన్ మార్పిడికే కేటాయించమని నా సలహా.

మహిళల వంద మీటర్ల ప్రపంచ రికార్డు 1988 నుంచి 10.49 సెకన్లు. అంత వేగం గల నలుగురు విడివిడిగా పరుగెత్తిన సమయాలను కూడినా 41.96 అవుతుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో అమెరికా అమ్మాయిలు టియానా మాడిసన్, అలిసన్ ఫెలిక్స్, బియాంకా నైట్, కార్మెలిటా జెటర్ బ్యాటన్‌ను 40.82 సెకన్లలోనే గమ్యం చేర్చి, 1985లో కాన్‌బెరాలో తూర్పు జర్మనీ నెలకొల్పిన 41.37 రికార్డును చెరిపివేశారు. (ఆ దేశంలో ప్రభుత్వమే క్రీడాకారులకు ఉత్ప్రేరకాలు ఇప్పించిన సంగతి తరువాత బయటపడింది కనుక, పిల్లలకు 40.82నే చెప్పడం నాకు ఇష్టం.) మొదటి అమ్మాయి తప్ప తక్కిన ముగ్గురూ అప్పటికే ఊపందుకున్న పరుగులో బ్యాటన్ అందుకోవడం వల్లనే ఆ సెకను పైచిలుకు మిగిలింది.

అదే మార్పిడి తప్పితే ఎంతటి వేగమూ ఆదుకోదు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో జర్మనీ అమ్మాయిలు హీట్స్‌లో (ఫైనల్‌కు ముందు జరిగే అర్హత పరుగుల్లో) 46.4తో ప్రపంచ రికార్డు నెలకొల్పి, ఫైనల్లో ఎంతో ముందుండి, చివరి మార్పిడిలో బ్యాటన్ జారవిడిచారు. 1952 హెల్సింకీలో ఆస్ట్రేలియా కూడా హీట్స్‌లో 46.1తో రికార్డు సృష్టించి, ఫైనల్లో అదే చివరి మార్పిడి దగ్గర చేజార్చుకుంది. రెండుసార్లూ స్వర్ణం అమెరికాకే దక్కింది. చిన్న పోటీయే అయినా, నాకూ ఆ బాధ తెలుసు. మూడో పరుగు నాది. తోటి అమ్మాయి వస్తోందో లేదోనని వెనక్కి తిరిగి చూశాను, నా అడుగు తడబడింది, ఆమె నా మీదకు వచ్చేసింది, బ్యాటన్ ఎర్రమట్టిలో పడింది.

అందుకే అందుకునే అమ్మాయి వెనక్కి చూడకుండా ఉండేలా ముందు అలవాటు చేయి. తాను నిలిచే చోటు నుంచి వెనక్కు, మడమకు వేళ్లు ఆనించి ఇరవై అడుగులు కొలిచి గుర్తు పెట్టుకోమను. వచ్చే అమ్మాయి ఆ గుర్తు దాటగానే ఈమె పూర్తి బలంతో బయలుదేరాలి. వచ్చే అమ్మాయి వేసే కేక వినిపించాకే ఈమె చేయి వెనక్కు చాచాలి. వచ్చే అమ్మాయి మరీ త్వరగా మీద పడుతుంటే గుర్తును ఒక అడుగు దూరం జరుపు, అందుకోలేకపోతుంటే దగ్గరకు జరుపు. చేతులు కూడా ఖాయం చేయి: మొదటి అమ్మాయి కుడిచేత్తో, రెండో అమ్మాయి ఎడమచేత్తో, మూడో అమ్మాయి మళ్లీ కుడిచేత్తో, నాలుగో అమ్మాయి ఎడమచేత్తో పట్టుకోవాలి, మధ్యలో చెయ్యి మార్చకూడదు. మా రోజుల్లో మార్పిడి హద్దు, అంటే బ్యాటన్ చేతులు మారవలసిన ట్రాక్ భాగం, ఇరవై మీటర్లే ఉండేది; 2017 చివర మారిన నిబంధన ప్రకారం ఇప్పుడది ముప్పై. అందులో చివరి పది మీటర్లలో, ఇద్దరూ నిండు వేగంలో ఉన్నప్పుడు చేతులు కలిసేలా చూడు. హద్దు దాటిందా లేదా అన్నది బ్యాటన్‌ను బట్టే నిర్ణయిస్తారు, కాళ్లను బట్టి కాదు.

2025లో దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో రజతం గెలిచిన మన 4×100 జట్టులో తెలంగాణ అమ్మాయి నిత్య గంధే ఉందని పిల్లలకు తప్పక చెప్పు.

ఇంకొక్క మాట. బ్యాటన్ పడిపోతే ఏడుస్తూ నిలబడిపోయే పిల్లలను ఎందరినో చూశాను. జారవిడిచిన అమ్మాయే దాన్ని తీసుకోవాలనీ, పక్క లేన్‌లోకి దొర్లినా ఎవరికీ అడ్డు రాకుండా తెచ్చుకుని, దూరం తగ్గకుండా పరుగు కొనసాగించవచ్చనీ ముందే చెప్పి, సాధనలో కావాలనే ఒకటి రెండుసార్లు కింద పడేయించి తీయించు.

ఇట్లు,
నీ మేనత్త