బండి వచ్చేలోపు, బండి వచ్చాక

(పాఠకుల ప్రశ్నలకు, చాలా ఏళ్లు 108లో ఈఎంటీగా, అంటే అంబులెన్సులో వచ్చి అత్యవసర వైద్యం అందించే ఉద్యోగిగా పనిచేసి ఇప్పుడు కొత్తవాళ్లకు శిక్షణ ఇస్తున్న మా శీర్షికకారుడి జవాబులు)

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. పోయిన నెల ఒక రాత్రి ఛాతీలో బరువుగా ఉందన్నారు, ఒళ్లంతా చెమటలు. 108కి ఫోన్ చేస్తే బండి త్వరగానే వచ్చింది. కానీ వచ్చినతను వెంటనే ఎక్కించుకుని పోకుండా వేలికి క్లిప్పు, చేతికి బీపీ పట్టీ, ఛాతీకి వైర్లు పెట్టి, ఎప్పుడు మొదలైంది, ఏం మందులు వాడతారు అని అడుగుతూ కూర్చున్నాడు. మా బాబాయి అతని మీద అరిచేశాడు కూడా. పరిగెత్తాల్సిన టైంలో ఇదంతా అవసరమా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: మీ బాబాయిగారి లాంటి వాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, మాకు అలవాటే. ఆయన టెన్షన్ అర్థమవుతుంది కానీ, అతను చేసినవన్నీ వైద్యమేనండీ.

మేం గుమ్మంలో అడుగుపెడుతూనే చూడడం మొదలుపెడతాం. మనిషి కూర్చున్నాడా, వాలిపోయాడా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలుగుతున్నాడా లేక రెండు మాటలకే ఆయాసపడుతున్నాడా, ముఖం రంగు ఎలా ఉంది. "ఏం పెద్దాయనా, ఎలా ఉంది?" అంటే సరిగ్గా జవాబిచ్చాడనుకోండి, గొంతులో దారి తెరుచుకునే ఉంది, ఊపిరి ఆడుతోంది, మెదడుకి రక్తం అందుతోంది అని ఆ ఒక్క మాటతోనే తెలిసిపోతుంది. ఆ తర్వాత వరస ఎప్పుడూ ఒకటే: శ్వాస దారి, శ్వాస, నాడి, స్పృహ, చివరికి బట్టలు తప్పించి ఒంటి మీద గాయాలు, దద్దుర్లు. మధ్యలో ఎక్కడ తేడా కనిపిస్తే అక్కడే ఆగి దాన్ని సరిచేశాకే ముందుకు వెళ్తాం. గొంతులో వాంతి అడ్డుపడి గురగురలాడుతున్న మనిషికి బీపీ ఎంతో ఎవడికి కావాలి, ముందు నోరు శుభ్రం చేయాలి. జబ్బు పేరేమిటో ఆసుపత్రిలో తీరిగ్గా తేలుస్తారు, రాబోయే పది నిమిషాల్లో ఈ మనిషి ప్రాణం దేనివల్ల పోవచ్చు అన్నది మా లెక్క.

ఇక మీ నాన్నగారి సంగతి. ఛాతీకి పెట్టిన వైర్లు ఈసీజీ అనుకుంటాను, అన్ని బండ్లలోనూ అది ఉండదు, మీకొచ్చిన దాంట్లో ఉండడం మంచిదైంది. గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయినట్టు అందులో కనిపిస్తే యాంజియోప్లాస్టీ చేసే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అది మరీ దూరమైతే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉన్నచోటికి. ఈ ఇంజెక్షన్‌ను ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ చాలా ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. ఏదీ చూసుకోకుండా పక్కనున్న నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్తే వాళ్లు ఒక గంట ఉంచుకుని రిఫర్ చేస్తారు, ఆ గంటలో గుండె కండరం ఎంత పోతుందో ఎవరికీ లెక్క తెలియదు. జనగామ నుంచి వరంగల్ వైపు తిప్పాలా, హైదరాబాద్ వైపా అని తేల్చుకోడానికి ఆ ఈసీజీ కాగితం కావాలి.

మందుల గురించి అడగడానికీ కారణం ఉంది. ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నమలమని ఇస్తాం, కానీ ఆయనకు అది పడదేమో, కడుపులో రక్తస్రావం ఏమైనా అయ్యిందేమో తెలియాలి, అవసరమైతే కాల్ సెంటర్‌లోని డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడాలి. చాలామంది ఇళ్లలో నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ మాత్ర ఉంటుంది, ఛాతీ నొప్పి అనగానే ఎవరి నోట్లో పడితే వాళ్ల నోట్లో పెట్టేస్తుంటారు. బీపీ అప్పటికే తక్కువుంటే దాంతో మనిషి అక్కడికక్కడే కుప్పకూలొచ్చు. వయాగ్రా లాంటి మాత్ర ఆ ఒకట్రెండు రోజుల్లో వేసుకున్న వాళ్లకీ అంతే. ఇది బంధువులందరి ముందూ అడగలేం కాబట్టి బండి తలుపు వేశాక చెవిలో అడుగుతాం, దయచేసి నిజం చెప్పండి.

ఇంకొకటి, ఆయన్ని మెట్లు దిగి నడిచి రానివ్వకండి. "నేను బాగానే ఉన్నాను, నడుస్తాను" అని మగవాళ్లు తెగ మొండికేస్తారు. కుర్చీలో మోసుకురావాలి. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో అసలు ఛాతీ నొప్పే లేకుండా ఆయాసం, వాంతి, పొట్ట పైభాగంలో మంటతో గుండెపోటు రావచ్చు. గ్యాసేలే అని ఈనో తాగి పడుకున్నవాళ్లను తెల్లారి చూడాల్సి రావడం ఈ ఉద్యోగంలో మహా కష్టమైన సంగతి.

ప్రశ్న: మా అత్తగారు షుగర్ మాత్రలు వాడతారు. కార్తీక సోమవారం ఉపవాసం ఉండి సాయంత్రానికి మాట ముద్దగా అయిపోయి, మమ్మల్నే గుర్తుపట్టలేదు. పక్షవాతం అనుకున్నాం. 108 అబ్బాయి వేలు గుచ్చి చూసి షుగర్ 38 ఉందన్నాడు, నరానికి గ్లూకోజ్ ఇవ్వగానే లేచి కూర్చుని "ఏమైందే?" అన్నారు. అయినా ఆసుపత్రికి రావాల్సిందేనని పట్టుబట్టాడు. బాగానే ఉన్నారు కదా అని సంతకం పెట్టి పంపేశాం. తప్పు చేశామా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తప్పేనమ్మా. మరోసారి ఇలా జరిగితే పంపించేయకండి. ఆవిడ వేసుకునేది గ్లిమెపిరైడ్ లాంటి మాత్రయితే దాని పని రోజంతా ఉంటుంది, మేం ఎక్కించిన గ్లూకోజ్ మాత్రం కాసేపట్లో కరిగిపోతుంది. కిడ్నీలు కొంచెం బలహీనంగా ఉన్న పెద్దవాళ్లలో ఆ మాత్ర ఇంకా ఎక్కువసేపు ఒంట్లో ఉండిపోతుంది. అంటే అర్ధరాత్రి నిద్రలో మళ్లీ షుగర్ పడిపోవచ్చు, అప్పుడు మాట తడబడడం వినేవాళ్లు ఎవరూ ఉండరు. ఎక్కువసేపు పనిచేసే రకం ఇన్సులిన్‌తోనూ ఇదే గొడవ. అందుకే అతను పట్టుబట్టాడు.

మీరు పక్షవాతం అనుకోవడంలో వింతేమీ లేదు, షుగర్ పడిపోతే అచ్చం అలాగే ఉంటుంది, ఒక చేయి పడిపోయినట్టు కూడా కనిపించొచ్చు. స్పృహలో తేడా ఉన్న ప్రతి మనిషికీ మేం వేలు గుచ్చేది అందుకే. 70 కంటే తక్కువుంటే ముందు దాని పని పడతాం. మింగగలిగితే మీరే పంచదార నీళ్లో, రసమో తాగించి, తర్వాత అన్నం పెట్టండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఒక్క చుక్క పోయొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

షుగర్ బాగానే ఉండి మూతి వంకర, చేయి లేవకపోవడం, మాట తేడా ఉంటే అప్పుడు పక్షవాతం లెక్కే. మేం అడిగే మొదటి ప్రశ్న "ఆఖరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడు చూశారు?" అని. ఎప్పుడు లేచారు, ఎప్పుడు కనిపెట్టారు అన్నది వేరే సంగతి. గడ్డ కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, ఆ గంటలు లెక్కపెట్టేది ఆఖరిసారి బాగున్న టైం నుంచి. సీటీ స్కాన్ లేని ఆసుపత్రికి పోతే ఆ టైమంతా దండగ.

ప్రశ్న: ఫిట్స్ వచ్చినవాళ్ల చేతిలో తాళాల గుత్తి పెడితే తగ్గుతుందా? మా ఆఫీసులో అదే చేశారు, తగ్గింది కూడా.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: పెట్టకపోయినా తగ్గేది. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, పేరు తాళాలకు పోతోంది. చుట్టూ ఉన్న కుర్చీలు లాగేయండి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి, నోట్లో ఏదీ పెట్టకండి, వాచీలో టైం చూసుకోండి, ఆగాక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోయినా, స్పృహ రాకుండానే మళ్లీ వచ్చినా అది ప్రమాదం, 108కి చేయండి. గర్భిణికి ఒక్కసారి వచ్చినా చేయాల్సిందే.

ప్రశ్న: పాము కరిస్తే కాలికి ఎంత గట్టిగా కట్టు కట్టాలి? పామును చంపి డాక్టరుకి చూపించాలా?
– ఒక రైతు, నర్సంపేట

జవాబు: రెండూ వద్దు. గట్టిగా తాడు కడితే రక్తం ఆడక కాలు పాడవుతుంది, ఆసుపత్రిలో విప్పగానే విషం ఒక్కసారిగా పైకి పోవచ్చు. కోయడం, పీల్చడం కూడా పాత అలవాట్లే, పనికిరావు. కాలిని కర్రతో కదలకుండా వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా తీసుకెళ్లండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వాపు రాకముందే తీసేయండి. మన దగ్గర ఇచ్చే విరుగుడు ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి ఒకటే, కాబట్టి పాముతో పనిలేదు. దాన్ని చంపబోయి ఇంకొకరు కాటు తిని వచ్చిన కేసులు ఉంటాయి.

కట్లపాముతో మాత్రం జాగ్రత్త. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనిపించదు. తెల్లారి కడుపునొప్పి అంటారు, కాసేపటికి కనురెప్పలు బరువుగా వాలిపోతుంటాయి, మింగలేరు, ఆ తర్వాత ఊపిరి కండరాలు ఆగిపోతాయి. అలాంటి మనిషికి దారంతా మేం బెలూన్ సంచీతో ఊపిరి పోస్తూనే వెళ్తాం. ఊపిరి అందిస్తూ ఆసుపత్రికి చేర్చగలిగితే పూర్తిగా బతికి బయటపడే కేసు ఇది, అందుకే వదిలిపెట్టం. రెప్పలు వాలుతుంటే ఇక మంత్రం వేయించే ఆలోచన పెట్టుకోకండి.

ప్రశ్న: మా ఊళ్లో ఒకాయన పురుగుమందు తాగితే అందరూ కలిసి ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించారు. 108 వాళ్లు వచ్చి తిట్టారు. ఆసుపత్రిలో ఇంజెక్షన్లు ఇచ్చాక ఆయన పిచ్చిపిచ్చిగా మాట్లాడాడు, వైద్యం వికటించిందని గొడవైంది.
– ఒక పాఠకురాలు, ఆదిలాబాద్

జవాబు: తిట్టడం బాగాలేదు కానీ విషయం నిజం. వాంతి చేయిస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, ఉప్పు ఎక్కువైతే అదొక కొత్త ప్రమాదం. చేయాల్సింది వేరే: మందు పడ్డ బట్టలు తీసేసి ఒళ్లు సబ్బుతో కడగాలి, కడిగేవాళ్లు చేతులకు గ్లోవ్స్, లేదంటే కనీసం ప్లాస్టిక్ సంచులైనా తొడుక్కోవాలి, మనిషిని ఎడమవైపు తిప్పి పడుకోబెట్టాలి, డబ్బా తప్పకుండా బండిలో పెట్టాలి. డబ్బా కోసం మేం ఎందుకు వెంటపడతామంటే మందును బట్టి వైద్యం మారిపోతుంది. ఒక రకం కలుపు మందు తాగినవాళ్లకు మామూలుగా అందరికీ పెట్టే ఆక్సిజన్‌తోనే ఊపిరితిత్తులు ఇంకా పాడవుతాయి, ఒంట్లో ఆక్సిజన్ బాగా తగ్గిపోతే తప్ప పెట్టం. అలాంటివాళ్లు మొదటి రోజు మామూలుగా మాట్లాడుతుంటారు, బాగయ్యాడని ఇంటికి తెచ్చేసుకోవద్దు.

పిచ్చిగా మాట్లాడటం బహుశా అట్రోపిన్ ఇంజెక్షన్ వల్ల. పురుగుమందుల్లో చాలావాటికి నోట్లోంచి, ఊపిరితిత్తుల్లోంచి నీరు ఊరుతూ ఊపిరాడక మనిషి పోతాడు, ఛాతీ పొడిబారేదాకా అట్రోపిన్ ఇస్తూనే ఉంటారు. ఆ మోతాదుకు తికమకపడటం, గాల్లో ఏదో పట్టుకోబోవడం మామూలే, డాక్టర్లు మోతాదు సర్దుకుంటారు.

ఆయన ఇంటికొచ్చాక ఎవరూ ఎత్తిపొడవకండి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి 14416 నంబర్ ఉంది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఇంట్లో మందు డబ్బాలకు తాళం వేసి, ఆ తాళం వేరేవాళ్ల దగ్గర ఉంచండి.

ప్రశ్న: బీఎస్సీ అయిపోయింది, ఈఎంటీగా చేరాలని ఉంది. రక్తం చూస్తే కొంచెం కళ్లు తిరుగుతాయి. పనికొస్తానా?
– ఒక పాఠకురాలు, పార్వతీపురం

జవాబు: కళ్లు తిరగడం చాలామందికి మొదట్లో ఉంటుంది, పోతుంది. రక్తం కంటే కష్టమైనవి ఉన్నాయి: స్ట్రెచర్ మోయడం, నైట్ డ్యూటీలు, తాగినవాళ్ల తిట్లు, చనిపోయిన మనిషి ఇంట్లో ఆ మాట చెప్పడం. మీ ఏజెన్సీ వైపు అయితే బండి వెళ్లే దారి అయిపోయిన చోట నుంచి నడక. ప్రసవాలు బాగా వస్తాయి. బిడ్డను తుడిచి తల్లి గుండెల మీద వేయడం అందరికీ నచ్చే భాగం, అసలు పరీక్ష మాయ పడ్డాక మొదలవుతుంది, గర్భసంచి గట్టిపడకపోతే రక్తం అలా పోతూనే ఉంటుంది, ఆ గంటసేపు చెయ్యి పొట్ట మీద నుంచి తీయకూడదు. జీతం గొప్పగా ఉండదని ముందే చెప్తున్నాను. రండి, ఆడపిల్లలు ఈ పనిలో ఇంకా ఎక్కువమంది ఉండాలి.

ప్రశ్న: 108కి ఫోన్ చేస్తే ముందు ఏం చెప్పాలి? కంగారులో అన్నీ మర్చిపోతాం.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు ఎక్కడున్నారో చెప్పండి, ఫోన్ కట్ అయినా బండి బయల్దేరుతుంది. తర్వాత మనిషి పిలిస్తే పలుకుతున్నాడా, ఊపిరి తీస్తున్నాడా. పలకడం లేదు, ఊపిరి లేదు, లేదా చేపలా నోరు తెరిచి అప్పుడప్పుడు ఎగపీలుస్తున్నాడంటే గుండె ఆగినట్టే, ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఛాతీ మధ్యలో నొక్కడం మొదలుపెట్టండి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకయితే కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి వెళ్లేలా, మేం వచ్చి ఆపమనేదాకా. ఒకరిని సందు మొదట్లో నిలబెట్టండి. అపార్ట్‌మెంట్ అయితే లిఫ్ట్ కింద ఆపి ఉంచండి, వాచ్‌మన్‌కి చెప్పి గేటు తీయించండి. కుక్క ఉంటే కట్టేయండి.