కార్డు కొనేముందు ఎస్‌ఎంపీఎస్ చూడు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గ్రాఫిక్స్ కార్డు మార్చే పని నువ్వే చేస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో ఒకటే కంగారు. యానిమేషన్ చదివేవాడికి నీ పాత కార్డు 1050 టీఐతో బ్లెండర్ (త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) ఎన్నాళ్లు నడుస్తుందిలే, మార్చాల్సిందే. నువ్వు కొనాలనుకుంటున్న ఎన్‌విడియా 4060 కార్డు మంచి ఎంపికే. కార్డు తీసి కార్డు పెట్టడం పది నిమిషాల పని. తంటా అంతా అంతకుముందే ఉంది.

నీ పాత కార్డుకి విడిగా కరెంటు వైరు లేదు, గమనించావా? మదర్‌బోర్డు స్లాటు గరిష్ఠంగా 75 వాట్లు ఇస్తుంది, దానికి అది చాలు. 4060కి 115 కావాలి. అంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి, అదే కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంటు పంచే పెట్టె నుంచి, వైరు రావాల్సిందే. ఆ పెట్టె 550 వాట్లది ఉండాలని ఎన్‌విడియా కంపెనీ లెక్క. క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద 450 అని ఎంత పెద్ద అక్షరాలున్నా నమ్మకు. పక్కనున్న చిన్న పట్టికలో 12 వోల్టుల దగ్గర ఆంపియర్లు చూసి 12తో గుణించు. 18 అని ఉంటే 216 వాట్లే. అసలు బండారం అక్కడ బయటపడుతుంది. ఆ స్టిక్కర్ ఫొటో నాకు వాట్సాప్ చెయ్యి, నేను చెప్పేదాకా ఆర్డర్ పెట్టకు. డబ్బు సరిపోకపోతే కార్డు రెండు నెలలాగి కొనుక్కో కానీ ఎస్‌ఎంపీఎస్ దగ్గర కక్కుర్తి పడొద్దు. పాత 3060 కార్డు చవగ్గా వస్తోందని ఎవరైనా ఊరించినా, అది 170 వాట్లు తాగుతుందని గుర్తుంచుకో.

ఎనిమిది పిన్నుల వైర్లు రెండు రకాలుంటాయి. నాలుగు, నాలుగుగా విడిపోయేది ప్రాసెసర్‌ది. ఆరు, రెండుగా విడిపోయేది కార్డుది. పైకి కవలల్లా కనిపిస్తాయి కానీ పిన్నుల ఆకారం వేరు. దూరకపోతే బలవంతంగా తొయ్యకు. వేరే ఎస్‌ఎంపీఎస్ తాలూకు వైరు అసలే వద్దు. సాకెట్‌లో దూరినా లోపల ప్లస్, మైనస్ వరస తేడా ఉంటే కార్డు మాడిపోతుంది.

కార్డు పట్టాలి కదా, టేపుతో క్యాబినెట్ లోపలి పొడవు కూడా కొలుచుకో. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీలో కొంటే, పెట్టె మీది సీరియల్ నంబరూ బిల్లు మీదిదీ ఒకటేనా అని అక్కడే చూసుకో.

ఇక పని సంగతి. కంప్యూటర్ ఆపి, వెనక కరెంటు వైరు పీకి, పవర్ బటన్ ఓసారి నొక్కు. మామూలుగా క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటుందా? అలాగైతే ముందు ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్తింగ్ చూపించు, కార్డు సంగతి తర్వాత. క్యాబినెట్ పడుకోబెట్టి, ఒంటి మీద స్టాటిక్ పోయేలా దాని ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకో. మానిటర్ వైరు, స్క్రూలు తీశాక స్లాటు చివర చిన్న ప్లాస్టిక్ గొళ్లెం ఉంటుంది. అందరూ తడబడేది అక్కడే, కార్డు అడ్డుగా ఉండి కనిపించదు. స్క్రూడ్రైవర్ పెట్టావంటే జారి బోర్డు మీద గీత పడుతుంది. ఐస్‌క్రీమ్ పుల్లతో మెల్లగా కిందికి నొక్కి, కార్డును నిటారుగా పైకి లాగు. కొత్తది పెట్టేటప్పుడు బంగారు పూత ఉన్న అంచు ముట్టుకోకు. టక్కుమని గొళ్లెం పడేదాకా సమంగా నొక్కి స్క్రూ బిగించి, కరెంటు వైరు పెట్టు.

తర్వాత మానిటర్ వైరు కొత్త కార్డుకే పెట్టు, మదర్‌బోర్డుకి కాదు. డిస్‌ప్లే రావట్లేదని నా దుకాణానికి మోసుకొచ్చిన ఎన్నో కంప్యూటర్లకు జబ్బు ఇదే. ఫ్యాన్లు తిరుగుతూ బొమ్మ రాకపోతే టెన్షన్ పడకు. కరెంటు తీసి, కార్డు మళ్లీ కూర్చోబెట్టి చూడు. డ్రైవర్ (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) ఎన్‌విడియా సైట్ నుంచే దించుకో. పాతదీ ఎన్‌విడియాదే కాబట్టి దాని మీదే వేసేసుకోవచ్చు.

బ్లెండర్‌లో ప్రిఫరెన్సెస్, సిస్టమ్‌లోకి వెళ్లి, కార్డుతో పని చేయించే ఆప్టిక్స్ ఎంచుకో. బ్లెండర్‌లో బొమ్మను తయారుచేసే సైకిల్స్ ఇంజిన్‌కి డివైజ్ దగ్గర జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డు, పెట్టు. లేకపోతే ఆ బొమ్మ తయారీ (రెండరింగ్) ప్రాసెసర్ మీదే నడుస్తుంది, ఇంత డబ్బు పోసీ తేడా తెలియదు.

పాత కార్డు అమ్మేయకు. నీ ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' ఉందంటే మానిటర్‌కి బొమ్మ పంపే సొంత గ్రాఫిక్స్ దానికి లేదు. కొత్త కార్డు ఎప్పుడైనా మొండికేస్తే తప్పు దేనిదో తేల్చడానికి ఆ పాత కార్డే దిక్కు.

ఇట్లు,
మీ మామయ్య