బొమ్మల డిటెక్టివ్ కథ గీస్తున్న మేనకోడలికి

అమ్మలూ,

నువ్వు పంపిన 40 పేజీల పెన్సిల్ బొమ్మలు ఒక్క గుక్కలో చూసేశాను. మధ్యాహ్నం భోజనమయ్యాక మళ్లీ మొదటినుంచి నెమ్మదిగా చదివాను. పొందూరులో ఖద్దరు నూలు వడికే మామ్మ, ఆవిడ వాలుగ చేప దవడ మాయమవడం, ఇద్దరు ఆడపిల్లలు, అదే మన గుంటలు, దాన్ని వెతకడం. భలే పట్టుకున్నావు. దూదిని ఆ దవడ పళ్లతో దువ్వుతారని పొందూరు దాటితే ఎంతమందికి తెలుసు? విశాఖ నుంచి సెలవులకొచ్చిన కళ్లజోడు గుంటకి అది ఏదో ఎముక. ఊరి గుంటకి అది మామ్మ బతుకు. నీ కథకి ఆయువుపట్టు అక్కడే ఉంది.

కానీ ఇప్పుడు కళ్లజోడు గుంటే అన్నీ కనిపెట్టేస్తోంది. రెండోది "అబ్బ, నీ తెలివే తెలివి" అంటూ వెనకాల నడుస్తోంది. అలా అయితే దాన్ని తీసేసినా కథ ఆగదు. ఒకర్తికే కనిపించే ఆధారం ఒకటి, రెండోదానికే అర్థమయ్యే ఆధారం ఇంకొకటి పెట్టు. వాళ్లు మాటలు మానేసిన రోజున వెతుకులాట అంగుళం కదలకూడదు. పోట్లాటకి రెండు పేజీలే ఇచ్చావు, నాలుగు ఇయ్యి. అక్కడ మాటలక్కర్లేదు. ఒకే అరుగు మీద చెరో చివర కూర్చోబెట్టు, చాలు.

11వ పేజీలో "అదిగో దూది పీచు!" అని నోటితో చెప్పించావు. ఆ మాట కొట్టెయ్. 6వ పేజీలో అందరూ టీ తాగుతున్నారు కదా, అక్కడే, దవడ తీసిన తమ్ముడి జేబుకి పీచు అంటుకుని ఉండాలి. చివరికొచ్చిన పిల్లలు వెనక్కి తిప్పి చూసి "ఓర్నీ, ఇక్కడే ఉంది!" అనుకోవాలి. ప్రశ్న కుడిచేతి పేజీ అడుగున వెయ్యి, జవాబు పేజీ తిప్పాకే కనపడాలి.

నీడలు చూసుకో. అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడిలో మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని రోజులు పొద్దుటి ఎండ స్వామి పాదాల మీద పడుతుంది. చిన్నప్పుడు నాన్న అది చూడ్డానికి తీసుకెళ్లినప్పటినుంచీ ఎండ ఎటునుంచి వస్తోందా అని చూడడం నాకు అలవాటైపోయింది. నీ వాకిట్లో ఒకే పొద్దున నీడ ఒక బొమ్మలో ఎడమకీ, తర్వాతి దాంట్లో కుడికీ పడింది. డిటెక్టివ్ కథ చదివే పిల్లలు దాన్ని కూడా ఆధారమే అనుకుంటారు.

బెలూన్ గీసి మాటలు ఇరికించకు. మన అక్షరాలకి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి, వరసల మధ్య చోటు కావాలి. ముందు మాట రాసి, దాని చుట్టూ బెలూన్ గియ్యి. ఊరి గుంట చేత "ఏటైనాదే?" అనిపించు. "ఏమి జరిగినది" అంటే అది మన పిల్ల అనిపించదు.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది పాత సామాన్ల బండి అతను. గుంటలిద్దరూ అతన్ని అనుమానించారు, వీధిలో అందరి ముందూ సంచి దులిపించారు. తమ్ముడు ఆ దవడని రంపంలా ఆడుకోడానికి తీశాడని తేలింది. అందరూ నవ్వుకున్నారు, కథ అయిపోయింది. మరి ఆ బండి అతను?

నేను డ్రాయింగ్ మాస్టారుగా చేరిన కొత్తలో రంగుల పెట్టె ఒకటి కనిపించలేదు. ఒక పిల్లాడి సంచి క్లాసు ముందు బోర్లించాను. అతన్నే ఎందుకు అనుమానించానంటే, ఇంట్లో రంగులు కొనే స్తోమతు లేదని తెలుసు కాబట్టి. సాయంత్రం పెట్టె నా బల్ల వెనకే దొరికింది. రేపు చెబుదాంలే అనుకుని ఊరుకున్నాను. ఆ పిల్లాడు మళ్లీ నా క్లాసులో బొమ్మ వెయ్యలేదు. చేతిలో పెన్సిల్ పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాడు. ఆ ముఖం నాకింకా గుర్తే.

అందుకని గుంటలిద్దర్నీ అతని దగ్గరికి పంపు. ఎవరు ముందు నోరు తెరవాలో వాళ్లే తేల్చుకోవాలి. అతను వెంటనే క్షమించెయ్యక్కర్లేదు, బండి తోసుకుంటూ ముందుకెళ్లిపోనీ. వాళ్లు పక్కనే నడవాలి. దీనికి ఆరు, పోట్లాటకి పెంచిన రెండు, మొత్తం ఎనిమిది పేజీలు కలిపితే 48 అవుతుంది. ఫారానికి 16 పేజీల లెక్కన ప్రెస్సులో సరిగ్గా మూడు ఫారాలు.

ముందు ఆ పేజీలు గీసి పంపు. మిగతావి దసరాకి వచ్చినప్పుడు కూర్చుని చూద్దాం. పైడితల్లమ్మ జాతరలో సిరిమాను తిరిగే మంగళవారం దాకా ఉండేలా రా.

మీ మావయ్య,
విజయనగరం