సౌనా ఉన్న కొండ ఇల్లు: అద్దె కట్టే ముందు

ప్రశ్న: మేము మ్యూనిక్‌లో ఉంటున్నాము. ఫిబ్రవరిలో విజయవాడ నుంచి వచ్చే మా అత్తమామలతో, ఎనిమిదేళ్ల పాపతో ఆస్ట్రియాలోని తిరోల్ కొండల్లో వారం రోజులు గడపాలని ఉంది. సౌనా (చెమట పట్టేలా వేడిలో కూర్చునే చెక్క గది) ఉన్న ఇళ్లు చాలానే కనిపిస్తున్నాయి, అద్దెల్లో మాత్రం ఎంతో తేడా ఉంది. మామగారికి 71 ఏళ్లు, బీపీ మాత్రలు వాడతారు. ఎలా ఎంచుకోవాలి?

జవాబు: ఆ సౌనా మీ వాటాలోనే ఉందా, భవనంలోని వాళ్లందరికీ కలిపి ఒకటే ఉందా అని యజమానిని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు కట్టండి. అక్కడి ఉమ్మడి సౌనాల్లో ఆడా మగా కలిసి, ఈతదుస్తులు కూడా లేకుండా, తువ్వాలు పరచుకొని కూర్చోవడం ఆచారం. వారికది సహజమే కాని, మీ అత్తగారు ఆ గడప తొక్కడం కష్టం. కనుక సొంత సౌనాకు కొంత ఎక్కువ ఇచ్చినా సబబేనని నా అభిప్రాయం.

ఇన్‌ఫ్రారెడ్ క్యాబిన్‌ను, అంటే ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో ఒంటిని వేడిచేసే చిన్న గదిని కూడా కొందరు సౌనా పేరుతోనే చూపిస్తారు. ఫొటోలో పొయ్యి మీద రాళ్లు, పక్కన ఆ రాళ్ల మీద నీళ్లు పోయడానికి చెక్క బకెట్, గరిటె కనిపిస్తే అది ఫిన్లాండ్ పద్ధతి సౌనా. అందులో పై బల్ల దగ్గర వేడి 80 నుంచి 95 డిగ్రీల దాకా ఉంటుంది. ఇన్‌ఫ్రారెడ్‌లో సాధారణంగా 40 నుంచి 60 డిగ్రీలే ఉంటుంది, నీళ్లు పోయకూడదు. వేడి తక్కువే కదా అని మామగారిని అందులోనైనా కూర్చోబెట్టే ముందు, మాత్రలు రాసిన డాక్టరుగారిని విజయవాడలోనే అడిగి రమ్మనండి. ఆయన సరేనంటే సౌనాలో కింది బల్ల మీద కొద్ది నిమిషాలు చాలు. గోడకుండే ఇసుక గడియారం ఖాళీ కావడానికి 15 నిమిషాలు పడుతుంది. అంతసేపూ కూర్చోవాలన్న నియమమేమీ లేదు. వేడికి రక్తపోటు పడిపోయి లేవగానే కళ్లు తిరగవచ్చు కాబట్టి ఎవరైనా చేయి అందించండి. పాపను కూడా కింది బల్ల మీదే, మీ పక్కనే ఉంచుకోండి.

తోటలో విడిగా కట్టిన చెక్క సౌనాలు ఫొటోల్లో ఎంతో ముచ్చటగా ఉంటాయి. అయితే రాత్రిపూట ఒళ్లంతా చెమటతో, తడి చెప్పులతో, మంచు గడ్డకట్టిన మెట్ల మీదుగా మామగారు ఇంట్లోకి రావాలంటే మాత్రం నేను వద్దనే అంటాను. స్నానాల గదిని ఆనుకొని ఉన్న సౌనానే చూడండి.

చివరి రోజు శుభ్రం చేసినందుకు రుసుము, తలకు రాత్రికి ఇంత అని వేసే స్థానిక పన్ను, కొన్నిచోట్ల సౌనా కరెంటు ఖర్చు అద్దెకు అదనం. అన్నీ కలిపిన మొత్తాన్నే పోల్చుకోండి. కారులో వెళితే, నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకు మంచు రోడ్ల మీద ఆస్ట్రియాలో శీతాకాలపు టైర్లు తప్పనిసరి. ఇల్లు బాగా ఎత్తున ఉంటే మంచులో జారకుండా టైర్లకు చుట్టే చైన్లు లేకుండా గుమ్మం దాకా కారు వస్తుందో లేదో కూడా యజమానినే అడగండి.