లోడ్ డిస్పాచ్‌లో చేరుతున్న అమ్మాయికి

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

గుణదలలో లోడ్ డిస్పాచ్ సెంటర్‌కి పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. రాష్ట్రం వాడే కరెంటుకీ పుట్టే కరెంటుకీ ప్రతి నిమిషం లెక్క కుదిర్చే ఆ పనంటే నాకెంత ఇష్టమో నీకు తెలుసు. అందుకే నువ్వు షిఫ్ట్‌లో కూర్చోకముందే చెప్పాల్సింది చెప్పేస్తున్నాను.

రోజుని 15 నిమిషాల చొప్పున 96 బ్లాకులు చేసి, ఒక్కో బ్లాకుకీ ఇంత లోడ్, అంటే ఇంత కరెంటు వాడకం, అని అంచనా నీ ముందు పెడతారు. ఆ అంకెనే నమ్ముకుని కూర్చోకు. అది ఎటు తప్పొచ్చు, తప్పితే నా చేతిలో ఏముంది, అది ఎన్ని నిమిషాల్లో అందుతుంది అని ముందే లెక్క వేసుకో. 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి దేశమంతా తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పినప్పుడు లోడ్ 12, 13 వేల మెగావాట్లు తగ్గుతుందనుకున్నారు. తగ్గింది 31 వేలు. అయినా గ్రిడ్ నిలబడింది. ఎందుకంటే అప్పటికే థర్మల్‌ని తగ్గించి, నీటి యూనిట్లని గట్టిగా నడిపి ఉంచారు. లోడ్ పడిపోతుంటే వాటిని చకచకా దించారు, లైట్లు వెలగ్గానే మళ్లీ ఎత్తారు. అంచనా రెండింతలకు పైగా తప్పినా ఏర్పాటు సరిపోయింది. నువ్వు నేర్చుకోవాల్సింది ఆ ఏర్పాటు.

మన దగ్గర మే నెల సాయంత్రాలతో జాగ్రత్త. రోహిణి కార్తె ఎండకి బెజవాడలో, గుంటూరులో ఏసీలన్నీ నడుస్తుంటాయి. నాలుగున్నరకి మబ్బు కమ్మి ఈదురుగాలి లేస్తుంది. కొమ్మలు విరిగి తీగల మీద పడి, వీధులకి, ఊళ్లకి కరెంటు తీసుకెళ్లే ఫీడర్లు ఒకదాని వెంట ఒకటి ట్రిప్ అయి ఆగిపోతాయి. కొన్నింటిని మనవాళ్లే ముందుజాగ్రత్తగా ఆపేస్తారు. వాన పడి చల్లబడ్డాక కరెంటు ఉన్న ఇళ్లలోనూ ఏసీలు కట్టేస్తారు. చూస్తుండగానే లోడ్ జారిపోతుంది. ఫ్రీక్వెన్సీ చూస్తే మాత్రం 50 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది, దేశమంతా ఒకే గ్రిడ్ కాబట్టి మన ఒక్కచోట లోడ్ తగ్గితే అది పెద్దగా కదలదు. దాన్ని చూసి ధైర్యపడకు. లోడ్ లేని పొడవాటి లైన్ల మీద వోల్టేజీ పైకి పోతూ ఉంటుంది. నీ కళ్లు 400 కేవీ సబ్‌స్టేషన్లలో లైన్లన్నీ కలిసే బస్‌ల వోల్టేజీల మీద ఉండాలి. ఆ వోల్టేజీని అణిచే రియాక్టర్లు సర్వీసులో ఉన్నాయో లేదో వాన రాకముందే కనుక్కో.

అప్పుడు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ యూనిట్లని తగ్గించమంటావు. బొగ్గు యూనిట్‌ని సగానికి కాస్త పైదాకా దించొచ్చు, ఇంకా దించాలంటే కష్టం. కంగారులో పూర్తిగా ఆపించేశావనుకో, మళ్లీ లైన్లోకి రావడానికి గంటలు పడుతుంది. రేపు మధ్యాహ్నం ఎండలో అదే యూనిట్ కోసం వెతుక్కుంటావు. శ్రీశైలంలో నీటి యూనిట్లు నిమిషాల్లో మాట వింటాయి, కానీ మే నెలలో అక్కడ నీళ్లెక్కడివి? నడవని యూనిట్‌ని తగ్గించలేం కదా. పైకి ఎంత ఎత్తగలనో చూసుకున్నట్టే, కిందికి ఎంత దించగలనో కూడా మధ్యాహ్నం మూడింటికే చూసి పెట్టుకోవాలి. ఈ రెండోది చాలామంది పట్టించుకోరు. నాకు బాధగా ఉంటుంది.

సాయంత్రం సోలార్ పడిపోయే వేళ గురించి అందరూ చెప్తారు, నేను మళ్లీ చెప్పను.

లైన్ పనులకి షట్‌డౌన్, అంటే ఆ లైన్‌ని కాసేపు ఆపి ఇవ్వమని, అడుగుతారు. ఇది తీశాక మిగిలిన వాటిలో ఏ ఒక్కటి పోయినా తక్కినవి ఆ లోడ్ మోస్తాయా అని చూడు. 2012 జులై 30 అర్ధరాత్రి దాటాక బీనా–గ్వాలియర్ లైన్ ట్రిప్ అయి ఉత్తర గ్రిడ్ కుప్పకూలింది. దాని జంట సర్క్యూట్ అప్పటికే పనుల కోసం ఆగి ఉంది. లైన్లో ఫాల్ట్ కూడా లేదు, మితిమీరిన లోడ్‌నే లైన్‌కి కాపలా ఉండే రిలే ఫాల్ట్ అనుకుంది. మర్నాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పడ్డాయి. మన దక్షిణ గ్రిడ్ అప్పట్లో వాటితో కలిసి నడిచేది కాదు కాబట్టి తప్పించుకుంది. 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ లైన్‌తో మనమూ కలిశాం. ఇప్పుడు సాయం వచ్చేదీ అటునుంచే, ఆపద వచ్చేదీ అటునుంచే. షట్‌డౌన్ ఇవ్వకూడదనిపిస్తే, అవతల ఎంత సీనియర్ ఉన్నా సరే, "ఇవాళ కుదరదండీ, లోడ్ తగ్గాక తీసుకోండి" అని మర్యాదగా చెప్పు. మొహమాటం వద్దు.

ఇంకోటి. కరెంటు చాలక ఫ్రీక్వెన్సీ 49.4కి పడితే, గ్రిడ్‌ని కాపాడటానికి వాటంతట అవే తెగే ఫీడర్ల జాబితా ఉంటుంది. ఇళ్ల మీద సోలార్ పెరిగిన ఫీడర్ మధ్యాహ్నం గ్రిడ్ నుంచి లాగేదే తక్కువ, దాన్ని అప్పుడు తెంపితే ఊరట పెద్దగా దక్కదు. ఆ జాబితాని ఎప్పటికప్పుడు సరిచూడమని పట్టుబట్టు. ఆసుపత్రి ఫీడర్లు అందులో లేవని నువ్వే స్వయంగా చూసుకో.

గ్రిడ్ మొత్తం పోతే ముందు నీటి యూనిట్‌ని లేపి, అక్కణ్నుంచి ఒక్కో లైన్ ఛార్జ్ చేసుకుంటూ థర్మల్ స్టేషన్ దాకా కరెంటు తీసుకెళ్లాలి. దానికి రాసిపెట్టిన ప్రొసీజర్ ఉంటుంది. మొదటి వారంలోనే అడిగి తీసుకో. ఏ బ్రేకర్ వేశాక ఏది వెయ్యాలి, అక్కడ ఫోన్ ఎత్తేదెవరు, ఆ సబ్‌స్టేషన్ బ్యాటరీలు ఎన్ని గంటలు ఆగుతాయి, అన్నీ కనుక్కుని పెన్సిల్‌తో పక్కన రాసుకో. అక్టోబరులో తుపాన్లు మొదలయ్యేలోపు ఇది పూర్తి చెయ్యి.

ఇట్లు,
పెదనాన్న,
గుంటూరు