పై పళ్లన్నీ తీసేసి ఇంప్లాంట్ల మీద ఫిక్స్‌డ్ సెట్టు పెట్టించడం మంచిదేనా?

మీ నాన్నగారికి 64 ఏళ్లు, షుగర్ ఉంది, పైవరసలో పళ్లన్నీ కదులుతున్నాయి. అన్నీ తీసేసి నాలుగు ఇంప్లాంట్ల మీద, అంటే దవడ ఎముకలోకి దించే టైటానియం స్క్రూల మీద, తీయక్కర్లేని సెట్టు బిగిస్తామని ఒక డాక్టరు, ఆరు కావాలని ఇంకొకరు అన్నారు. ఎవరి మాట వినాలి, అంత డబ్బు పెట్టడం సబబేనా అన్నది మీ ప్రశ్న.

నేను డెంటిస్టును కాను, తెలుగు టీచర్ని. చిగుళ్ల జబ్బుతో పై పళ్లు పోగొట్టుకున్నాను, నాకూ షుగర్ ఉంది. 2021లో పై దవడకు ఆరు ఇంప్లాంట్ల మీద ఫిక్స్‌డ్ సెట్టు పెట్టించుకున్నాను. ఇప్పటికి బాగానే ఉంది. అయినా మీ నాన్నగారికి కళ్లు మూసుకుని పెట్టించేయండి అని చెప్పను.

నాలుగా ఆరా అనేది తర్వాతి సంగతి. ముందు తేల్చుకోవాల్సింది, ఆ సెట్టు కింద ఆయన రోజూ శుభ్రం చేసుకోగలరా అన్నది. ఇంప్లాంటుకు పుచ్చు పట్టదు, నిజమే. కానీ దాన్ని పట్టుకుని ఉన్న ఎముక కరిగిపోగలదు. చిగుళ్ల జబ్బుతో పళ్లు ఊడినవాళ్లకు ఇంప్లాంట్ల చుట్టూ కూడా అలాంటి జబ్బే వచ్చే ప్రమాదం మిగతావాళ్లకన్నా ఎక్కువ. దాన్ని పెరి-ఇంప్లాంటైటిస్ అంటారు. మొదట్లో నొప్పి ఉండదు. బ్రష్ చేస్తే కాస్త రక్తం, కొంచెం వాసన, అంతే. కదలిక తెలిసేసరికి ఎముక చాలావరకు పోయి ఉంటుంది. పళ్లు తీసేస్తే చిగుళ్ల జబ్బు కూడా పోయినట్టే అని కొందరు ధైర్యం చెబుతారు. ఆ మాట నమ్మకండి.

ఇంకో విషయం. కదిలే పళ్లన్నీ తీసేయాల్సినవే అనుకోవద్దు. చిగుళ్ల స్పెషలిస్టుకు, అంటే పీరియోలో ఎండీఎస్ చేసినవారికి, ఒకసారి చూపించండి. లోతుగా క్లీనింగ్ చేస్తే కొన్ని పళ్లు గట్టిపడి ఇంకొన్నేళ్లు నిలబడొచ్చు. నాకు ముందు ఆ ప్రయత్నమే చేశారు. వెనక పళ్ల వేళ్ల చుట్టూ ఎముక లేదని ఎక్స్‌రేలో కళ్లారా చూశాకే తీయించుకోవడానికి ఒప్పుకున్నాను. ఖర్చు తగ్గించి మరో అభిప్రాయం తీసుకోవాలంటే ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి, హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ. అక్కడ పీరియో, ప్రోస్తో (కట్టుడు పళ్ల విభాగం), ఓరల్ సర్జరీ విభాగాలన్నీ ఒకేచోట ఉంటాయి.

ఇక పై దవడ సంగతి. కింది దవడ ఎముక టేకు చెక్క అనుకుంటే పైది బూరుగు చెక్క. మెత్తన, గుల్ల. పైగా వెనక దవడ పళ్ల వేళ్లకు పైన సైనస్ ఉంటుంది, అదొక గాలి గది. పళ్లు పోయిన కొద్దీ కింద ఎముక తరిగి, పైనుంచి సైనస్ కిందికి దిగి, స్క్రూ పట్టే చోటే మిగలదు. అక్కడ సైనస్ అడుగున ఎముక పొడి వేసి ఎత్తు పెంచుతారు, లేదా ఎముక ఉన్న ముందు భాగంలోనే స్క్రూలు వేసి వెనకవాటిని ఏటవాలుగా దింపుతారు. ఈ రెండోదే మీ డాక్టరు చెప్పిన ఆల్-ఆన్-ఫోర్. 1990లలో లిస్బన్‌లో పాలో మాలో అనే డెంటిస్టు దీన్ని ఒక పద్ధతిగా తీర్చిదిద్దారు. అసలు ఎముకకు టైటానియం అతుక్కుపోతుందని కనిపెట్టింది స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్. 1950లలో కుందేళ్ల ఎముకల్లో రక్తప్రసరణ పరిశీలించడానికి టైటానియం గొట్టాలు పెడితే, తర్వాత అవి బయటికి రాలేదు. 1965లో యోస్టా లార్సన్ అనే ఆయనకు మొదటిసారి కింది దవడలో ఇంప్లాంట్లు వేశారు. ఆయన 2006లో పోయేదాకా అవి పనిచేశాయి. ఇంప్లాంట్ల గురించి మాట్లాడేటప్పుడు అందరూ ఈ కథే చెబుతారు. అది కింది దవడ కథ. పై దవడలో ఫలితాలు మంచివే గాని దానికన్నా కాస్త తక్కువ. ఎముక అతుక్కోవడానికి కింద సుమారు మూడు నెలలు పడితే, పైన నాలుగు నుంచి ఆరు నెలలు ఇవ్వమంటారు.

నాకు ఆరు వేయడానికి కారణం ఇదే. నా ఎముక మెత్తగా ఉంది, ఒకటి పోయినా మిగతా అయిదింటి మీద సెట్టు నిలబడుతుందని సర్జన్ చెప్పారు. నాలుగే ఉంటే ఒకటి పోతే సెట్టు మొత్తం ఇబ్బందిలో పడుతుంది. ముందు భాగంలో ఎముక గట్టిగా ఉన్నవాళ్లకు నాలుగు చాలు, అది మోసం కాదు. దవడ ఎముకను అన్ని వైపులనుంచీ చూపించే సీబీసీటీ స్కాన్ తెర మీద పెట్టించి, ఏ స్క్రూ ఎక్కడ, ఎంత పొడవు, ఎందుకు అని ఇద్దరు డాక్టర్లనూ అడగండి. ఎవరు ఓపికగా చూపించి చెబితే వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఎముక బొత్తిగా లేకపోతే చెంప ఎముకలోకి వేసే పొడవాటి జైగోమాటిక్ ఇంప్లాంట్లు కూడా ఉన్నాయి. అది పెద్ద ఆపరేషన్, ఆ పనిలో చెయ్యి తిరిగిన సర్జనే చేయాలి.

చాలామంది అడగని ప్రశ్న పెదవి గురించి. పళ్లు పోయి చాలాకాలమైనవాళ్లకు ముందు ఎముక లోపలికి పోతుంది, పై పెదవికి ఆసరా ఉండదు. మామూలు కట్టుడు పళ్ల సెట్టులో గులాబీ రంగు అంచు పెదవిని ముందుకు నిలబెడుతుంది. ఫిక్స్‌డ్ సెట్టుకు అలాంటి అంచు పెడితే దాని కింద బ్రష్ దూరదు, పెట్టకపోతే పెదవి లోపలికి వాలుతుంది. నవ్వినప్పుడు చిగురు బాగా కనిపించేవాళ్లకు, సెట్టూ అసలు చిగురూ కలిసే గీత బయటపడుతుంది. అది దాచడానికి కొంత ఎముకను అరగదీయాల్సి రావచ్చు. అందుకే స్క్రూల కన్నా ముందు మైనంలో పళ్లు అమర్చి నోట్లో పెట్టి చూడమనండి. నాన్నగారు నవ్వాలి, మాట్లాడాలి, పక్కనుంచి ఫొటో తీయాలి. పళ్లు ఎక్కడ ఉండాలో తేలాక స్క్రూలు ఎక్కడో తేలుతుంది. ఈ వరుస తలకిందులైతే తర్వాత సరిచేయడం కష్టం.

షుగర్ ఉన్నంత మాత్రాన కుదరదనేం లేదు. నన్ను హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష, 7 దగ్గరికి తెచ్చుకుని రమ్మన్నారు, తెచ్చుకున్నాకే మొదలుపెట్టారు. నాన్నగారు రక్తం పలచబడే మందులు గాని, ఎముకల బలానికి అలెండ్రోనేట్ లాంటివి గాని వాడుతుంటే తప్పకుండా చెప్పండి. తనంతట తానుగా ఏదీ ఆపకూడదు, వాటిని రాసిన డాక్టరును అడగాలి. సిగరెట్, చుట్ట, ఖైనీ ఉంటే మానాలి. మా ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవారు. ఆ అలవాటు ఉన్నవాళ్లకు అంగిలిలో మచ్చలు, పుళ్లు వస్తాయి, అవి క్యాన్సర్‌గా మారగలవు. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా ఆ అలవాటుంటే పళ్ల సంగతి పక్కనపెట్టి ముందు అంగిలి చూపించండి.

ఒక్కరోజులో పళ్లు అని బోర్డులు పెడతారు. అబద్ధం కాదు గాని, ఆ రోజు లేదా మర్నాడు బిగించేది అక్రిలిక్‌తో చేసిన తాత్కాలిక సెట్టు. స్క్రూలు ఎముకలో తగినంత గట్టిగా కూర్చుంటేనే అది కూడా. లేకపోతే కొన్ని నెలలు తీసిపెట్టే సెట్టుతో గడపాలి. అలా అయితే నిరాశపడొద్దు, తొందరపడి బిగించడం కన్నా అది మేలు. ఆపరేషన్ నాకు మత్తు సూదులతోనే జరిగింది. నొప్పి అనుకున్నంత లేదు, చెంపలు మాత్రం రెండో మూడో రోజు బాగా ఉబ్బాయి. సైనస్ దగ్గర పని కాబట్టి ముక్కు గట్టిగా చీదొద్దన్నారు, స్ట్రాతో తాగొద్దన్నారు.

తర్వాతి నెలలే అసలు పరీక్ష. నొప్పి తగ్గగానే అన్నీ తినేయొచ్చు అనిపిస్తుంది. ఎముక పట్టే సమయంలో స్క్రూ మిల్లీమీటరులో పదో వంతు పైచిలుకు కదిలినా చుట్టూ ఎముకకు బదులు మెత్తటి కండ పెరుగుతుంది, ఇక అది నిలవదు. ఇడ్లీ, మెత్తటి పప్పన్నం, పెరుగన్నం, రాగిజావ, బాగా ఉడికిన కూరలు, ఇవే. సంక్రాంతికి ఇంట్లో జంతికలూ అరిసెలూ చేస్తే నేను చూస్తూ కూర్చున్నాను. నాన్నగారితో ఈ మాట ఇంట్లో అందరూ కలిసి చెప్పండి, ఒక్కరు చెబితే వినరు.

మాట గురించి నాకు చాలా దిగులుండేది. క్లాసులో పద్యం చదవాల్సినదాన్ని కదా. త, ద, న అనాలంటే నాలుక కొస పై పళ్ల వెనక ఆనాలి, వ అనాలంటే కింది పెదవి వాటి అంచుకు తగలాలి. పళ్లు ఒక మిల్లీమీటరు ముందుకో వెనక్కో జరిగినా ఈ అక్షరాలన్నీ మారిపోతాయి. స అంటే ఈల వచ్చేది. కొన్ని వారాలు రోజూ గట్టిగా చదివితే చాలావరకు సర్దుకుంది. సర్దుకోని దాన్ని తాత్కాలిక సెట్టులోనే అరగదీయించి, అదే కొలతతో అసలు సెట్టు చేయించుకున్నాను. తాత్కాలిక సెట్టు ఉండేది ఇందుకే, దాంట్లో ఉన్న ఇబ్బందులన్నీ మొహమాటం లేకుండా చెప్పమనండి. సెట్టులో సాధారణంగా పన్నెండు పళ్లే ఉంటాయి, చివరి దవడ పళ్లు ఉండవు. నమలడానికి అవి చాలు.

అసలు సెట్టు జిర్కోనియాతో చేస్తారు, లేదా టైటానియం కడ్డీ మీద అక్రిలిక్ పళ్లు పెడతారు. జిర్కోనియా చూడటానికి బాగుంటుంది, మరకలు పట్టవు, కానీ పగిలితే అతకడం కుదరదు. అక్రిలిక్ పన్ను ఊడితే అక్కడికక్కడే అతికిస్తారు, కొన్నేళ్లకు అరుగుతుంది. ఏదైనా సరే సెట్టును ఇంప్లాంట్లకు సిమెంటుతో అతికించొద్దు, చిన్న స్క్రూలతో బిగించమనండి. అవసరమైతే విప్పి కింద శుభ్రం చేసి మళ్లీ బిగించవచ్చు. రాత్రిళ్లు పళ్లు కొరికే అలవాటుంటే నైట్‌గార్డు తప్పనిసరి. అసలు పన్ను వేరు చుట్టూ ఉండే సన్నటి పొర ఇంప్లాంటుకు ఉండదు, అందుకే ఎంత గట్టిగా కొరుకుతున్నామో సరిగా తెలియదు.

రోజూ నేను చేసేది: రాత్రి భోజనమయ్యాక వాటర్ ఫ్లాసర్‌తో సెట్టు కింద బయటినుంచీ అంగిలివైపునుంచీ నీళ్లు కొట్టడం, తర్వాత సన్నటి ఇంటర్‌డెంటల్ బ్రష్ ప్రతి ఇంప్లాంటు పక్కనా తిప్పడం, చివరికి గట్టి కొస ఉన్న ఫ్లాస్ దారం ఒకవైపు దూర్చి ఇంకోవైపు లాగడం. గోంగూర, ములక్కాడ తిన్న రోజు ఎక్కువసేపు పడుతుంది. ఇది బతికినంతకాలం చేయాలి. మీ నాన్నగారికి చేతులు వణకడం గాని, చూపు సరిగా ఆనకపోవడం గాని ఉంటే, ఓపిక తక్కువైతే, ఫిక్స్‌డ్ సెట్టు కాకుండా ఇంప్లాంట్ల మీద క్లిప్పుల్లా పట్టుకునే తీసిపెట్టే సెట్టు మంచిది. రాత్రి తీసి కడిగి పెట్టుకోవచ్చు, ఆయన చేయలేకపోతే ఇంట్లోవాళ్లు కడిగిపెట్టొచ్చు. అంగిలి మూసుకుపోదు, పెదవికి ఆసరా ఉంటుంది. దాన్ని తక్కువరకం అనుకోకండి. నాకు చేతులు సహకరించని రోజు వస్తే నేనూ దానికే మారతాను.

డబ్బు అంత సులువు కాకపోతే మామూలు కట్టుడు పళ్ల గురించి కూడా ఆలోచించండి. కింది సెట్టు ఊగిసలాడుతుంది గాని, పై సెట్టు అంగిలికి అంటిపెట్టుకుని చాలామందికి బాగానే నిలుస్తుంది. కోరపళ్లు గట్టిగా ఉంటే వాటిని పొట్టిగా కోసి సెట్టు కింద ఉంచుకోవచ్చు, ఎముక తరగడం నెమ్మదిస్తుంది. అప్పుచేసి ఫిక్స్‌డ్ పెట్టించి, తర్వాత చెకప్‌లకు డబ్బుల్లేక వదిలేయడం కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు.

2021లో విశాఖపట్నంలో నాకు చెప్పిన రేట్లు రెండున్నర లక్షల నుంచి అయిదున్నర లక్షల దాకా ఉన్నాయి. ఇప్పుడు ఇంకా పెరిగే ఉంటాయి. ఆ తేడా ఎక్కువగా ఇంప్లాంటు కంపెనీ వల్లా, అసలు సెట్టు దేనితో చేస్తారన్నదాని వల్లా వచ్చింది. మామూలు హెల్త్ పాలసీలు ప్రమాదంలో దెబ్బతింటే తప్ప పళ్లకు సాధారణంగా ఇవ్వవు. పళ్లు తీయడం, స్కాన్, ఎముక పొడి, తాత్కాలిక సెట్టు, అసలు సెట్టు అన్నీ కలిపి చెప్పారో లేదో కాగితం మీద రాయించుకోండి. ఒక ఇంప్లాంటు పట్టకపోతే మళ్లీ వేయడానికి డబ్బు తీసుకుంటారా అన్నది కూడా. ఆర్నెల్లకోసారి చెకప్‌కు వెళ్లాలి కాబట్టి, ఆయన తనంతట తాను బస్సెక్కి వెళ్లగలిగే ఊళ్లోనే చేయించండి. మీరు దూరంగా ఉంటున్నారని మీ ఊరికి రప్పించి చేయిస్తే, ఒక స్క్రూ వదులైన రోజున ఆయన అవస్థ పడతారు.

పని పూర్తయ్యాక ఇంప్లాంటు కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్లు అంటించిన కార్డు అడిగి తీసుకోండి. ఒక్కో కంపెనీ స్క్రూకు ఒక్కో రకం పనిముట్టు కావాలి. పదేళ్ల తర్వాత ఆ క్లినిక్ ఉండకపోవచ్చు. ఆ కార్డు ఉంటే ఏ డాక్టరైనా దానికి సరిపోయే పనిముట్టు తెప్పించుకోగలరు. దాన్ని ఫొటో తీసి మీ ఫోన్లోనూ, అమ్మగారి ఫోన్లోనూ పెట్టుకోండి.