సందేహాలు – సమాధానాలు: ‘ఇక్కి’ అంటే తిరుగుబాటేనా?

సందేహం: జపాన్ చరిత్రపై ఒక వ్యాసాన్ని తెనిగిస్తూ ‘ఇక్కి’ అన్నచోటల్లా ‘తిరుగుబాటు’ అని రాశాను. సరేనా? ‘ఉన్‌దో’, ‘తోసో’, ‘దెమొ’, ‘సోదో’లకు ఏ మాటలు వాడాలి?

సమాధానం: అంతటా తిరుగుబాటు అనడం నాకు సమ్మతం కాదు. ఆ పదం పుట్టుకలో తిరగబడడం లేదు, ఒక్కటి కావడం ఉంది. దాన్ని రెండు చైనా లిపి అక్షరాలతో రాస్తారు; మొదటి అక్షరానికి ‘ఒకటి’ అనీ, రెండవదానికి ‘మార్గం, పద్ధతి’ అనీ అర్థం. చైనా తత్త్వవేత్త మెన్షియస్, వెయ్యేళ్లకు మించిన ఎడంతో పుట్టిన షున్, వెన్ అనే ప్రభువులను తలచి, ముందటి ఋషిదీ తరువాతి ఋషిదీ ఒకటే మార్గమన్నప్పుడు వాడినవి ఈ అక్షరాలే. మధ్యయుగ జపానులో అది బాస చేసి ఒక్క కట్టుగా నిలిచినవారి కూటమికి పేరయింది. వారు ప్రమాణపత్రం రాసి, కాల్చి, ఆ బూడిద కలిపిన దైవజలాన్ని పంచుకొని తాగేవారు. 1485లో, నేటి క్యోటో ప్రాంతంలోని దక్షిణ యమషిరో యోధులూ రైతులూ ఇలాగే కూడి, తమ నేలమీద కొట్టుకుంటున్న హతకెయమ వంశపు రెండు సేనలనూ సాగనంపి, మరుసటి ఏడాది ఉజిలోని బ్యోదోఇన్ ఆలయంలో సమావేశమై నియమాలు ఏర్పరచుకొని, సుమారు ఎనిమిదేళ్లు తామే పాలించుకున్నారు. వీరిని తిరుగుబాటుదారులని ఊరుకుంటే సగం చరిత్ర పోతుంది.

తొకుగవ వంశపు షోగున్లు పాలించిన కాలపు (1603–1868) రైతు పోరాటాలైన ‘హ్యకుషో ఇక్కి’ల విషయంలో మీ మాట కొంత చెల్లవచ్చు. అయినా 1770లో ప్రభుత్వం ఊరూరా నిలిపిన ఆజ్ఞాఫలకం నిషేధించినవి మూడు: గుంపుకట్టడం, బలవంతపు విన్నపం, కూడబలుక్కొని ఊరు విడిచిపోవడం. పాలకులు మొదట భయపడింది కూడడానికే. కనుక మధ్యయుగ సందర్భంలో ‘బాసకూటమి’ అనీ, తరువాతి కాలానికి ‘రైతుల తిరుగుబాటు’ అనీ రాయవచ్చునేమో. మొదటిసారి మాత్రం ‘ఇక్కి’ అనే ఉంచి వివరించడం మేలు.

‘ఉన్‌దో’ ఉద్యమమే, వ్యాయామానికీ అదే మాట కాబట్టి ‘ఉన్‌దోకై’ కనబడితే ఉద్యమసభ అనకండి, అది ఆటలపోటీల వేడుక. ‘తోసో’ పోరాటం, 1960లో అమెరికాతో భద్రతా ఒప్పందంపై జరిగిన ‘అంపొ తోసో’ అటువంటిది. ‘దెమొ’ ఆంగ్లపు డెమాన్‌స్ట్రేషన్‌కు కత్తిరింపు. ప్రదర్శన అంటే చాలు. బియ్యం ధరలపై 1918లో చెలరేగిన ‘కొమె సోదో’ను బియ్యపు అలజడి అనండి. అలజడికీ, పోరాటానికీ, ప్రదర్శనకూ కలిపి ‘ఆందోళన’ అనే ఒక్క ముద్ర వేసే మన పత్రికల అలవాటును దయచేసి జపాన్ చరిత్రకు అంటించకండి.